ఇనుమును రాగి చేసిన బసవమ్మ

దుర్గి చుట్టుపక్కల పదహారు ఊళ్ళలో ఇనుమును రాగి చేసిన మనిషి ఒక్కతే. పేరు బసవమ్మ. మంత్రం లేదు, పసరు లేదు, కొలిమి అసలే లేదు. పశువుల కొట్టంలో కొక్కేనికి వేలాడే ఇనప బొక్కెనను ఒక్క పగటిపూటలో లోపలంతా ఎర్రటి రాగి చేసి పడేసింది. దాన్ని చూడటానికి మాచర్ల నుంచి బళ్ళు కట్టుకొచ్చారు. గురజాల కంసాలి ఒకాయన మూడు రోజులు వాకిట్లో కూర్చుని, ఆ కిటుకు చెబితే కొలిమి సామానంతా రాసిస్తానన్నాడు. దుర్గిలో రాళ్ళు చెక్కేవాళ్ళయితే బసవమ్మ బొమ్మకి రాయి కూడా ఎంచిపెట్టారు. బొక్కెన చేతిలో పెట్టాలా, నెత్తిన పెట్టాలా అన్న దగ్గర తగువొచ్చి ఆగింది గానీ లేకపోతే ఈపాటికి ఊరి మొదట్లో నిలబడి ఉండేది. ఇందులో సగం తీసేసినా, మిగిలిన సగం కళ్ళతో చూసినవాళ్ళున్నారు.

అది ఎట్లా జరిగిందో తెలియాలంటే ముందు బసవమ్మ అనుమానం ఎంత పొడుగో తెలియాలి.

వాన మొదలైతే జనం లోపలికి పరిగెత్తుతారు. బసవమ్మ బయటికొచ్చి, చెయ్యి చాపి, ఇది వానేనా, పైనెవరన్నా నీళ్ళు గుమ్మరిస్తున్నారా అని చూసేది. పురోహితుడు ముహూర్తం చెబితే విననట్టు నటించి రెండోసారి చెప్పించేది, మాట మారుతుందేమోనని. పొద్దున్నే పొలానికి పోతుంటే తన నీడ తనకంటే ముందు నడిస్తే, "నీకంత తొందరేంది?" అని ఆగి నిలదీసేదని చెప్పుకుంటారు. విత్తనాల కొట్టుకి తాళం ఉంది. తాళం మీద దారం, దారానికి ఏడు ముళ్ళు. ఆ ముళ్ళు ఏ వరసలో వేసిందో ఆమెకి తప్ప ఇంకొకరికి తెలియదు. ఒక్కోసారి ఆమెకీ గుర్తుండక, తన కొట్టు ముందు తనే దొంగలా నిలబడి తలగోక్కునేది.

ఆ కొట్టులో గరిసె నిండా తెల్లజొన్న విత్తనం ఉండేది. అత్తగారి చేతి నుంచి వచ్చిన విత్తనం. మొగుడు పోయి పన్నెండేళ్ళయినా, పిల్లలు లేకపోయినా, ఊళ్ళో బసవమ్మ మాటకి ఒక బరువుందంటే ఆ గరిసె వల్లే. హస్త కార్తె వచ్చిందంటే ఊరంతా తట్టలు పట్టుకుని ఆమె గడప ముందుకి రావాలి. మొదటి చేరెడు బసవమ్మ చేత్తో పడాలి. మిగతాది ఎవరు కొలిచినా పర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ జొన్నకి కాటుక తెగులు రాలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో కంకులు మసిబారినా ఈ విత్తనాన్ని తెగులు ముట్టుకోలేదు. బలమున్న విత్తనం అనేవాళ్ళు. బసవమ్మ పైకి ఏమీ అనేది కాదు. ఆ మాట అన్నవాడికి మాత్రం చేరెడు కాస్త నిండుగా పడేది.

రెండో ప్రపంచ యుద్ధం ఆగిన ఏడు, పుష్యమాసంలో, ఆమె చేలో కాటుక కనబడింది.

చూస్తే కంకి కంకిలాగే ఉంది. గింజ ఉండాల్సిన చోట బూడిదరంగు తిత్తులు, గింజకంటే కాస్త కోసుగా. ఒకదాన్ని వేలితో నొక్కింది. నల్లటి పొడి బుస్సున లేచి అరచేతినిండా పరుచుకుంది. పొయ్యి మసి కంటే మెత్తగా, అచ్చం కాటుకలాగే.

పక్క చేను రాఘవయ్యది. వరసకి మరిది. గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"నీ జొన్న కాటుక పెట్టుకుని ముస్తాబైంది వదినా. ఎవరన్నా చూడవస్తున్నారా ఏంది?"

"నేను కాటుక మానేసి పన్నెండేళ్ళయింది రాఘవయ్యా. చేనుకి ఎవరు పెట్టారో అదే చూస్తున్నా."

"నా వంక చూస్తావేంది?"

"ఇటు పక్క నువ్వే ఉన్నావు మరి."

ఆ మాటతో ఇద్దరికీ మాటలు పోయాయి. మాటలు పోయాయంటే మాట్లాడుకోవడం మానేశారని కాదు. మధ్యలో ఎద్దునో కుక్కనో పెట్టుకుని దానితో అనేవాళ్ళు, అవతలివాళ్ళకి వినబడేట్టు.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ముత్తయిదువ కాని చేతి విత్తనం ఇన్నాళ్ళు ఎట్లా ఆగిందో అదే ఆశ్చర్యం అన్నారు ఆడవాళ్ళు కొందరు, పోయినేడు తట్ట పట్టుకుని మొదట నిలబడ్డవాళ్ళే. మునసబు వెంకట్రామయ్య మెత్తని మనిషి. మెత్తగానే చెప్పాడు.

"అమ్మా, వచ్చే పంట చూద్దాం. మళ్ళీ కాటుక పడితే మాత్రం ఊరు నీ విత్తనం తీసుకోదు. మాచర్ల విత్తనాల డిపో నుంచి తెప్పిస్తాను. ఆ గరిసెలోది గొడ్లకి పెట్టుకో."

బసవమ్మకి గరిసె పోతే ఏం మిగులుతుందో వెంకట్రామయ్యకి తెలుసు. ఆమెకి ఇంకా బాగా తెలుసు.

ఆ ఎండాకాలం పోయాక ఊళ్ళోకి సైకిలు మీద ఒకాయన దిగాడు. పేరు కృపావరం. వ్యవసాయ శాఖలో మేస్త్రీ, ఊళ్ళు తిరిగి రైతులకి మందులూ పద్ధతులూ చూపించే పని. రెంటచింతల దగ్గర మనిషి, ఆదివారం చర్చికి పోయే కుటుంబం. సైకిలు వెనక రేకు పెట్టె, పెట్టెలో కాగితం పొట్లాలు. కాటుక తెగులుకి మందు ఉందన్నాడు. ఊరంతా బసవమ్మ ఇంటికి దారి చూపించింది.

ఆమె గడపకి అడ్డంగా కూర్చుంది. "ముందు ఆ తెగులేందో చెప్పు. మందు సంగతి తర్వాత."

కృపావరం వాకిట్లో గొంతుక్కూర్చుని పుల్లతో నేలమీద గింజ గీశాడు.

"ఈ మసి గింజ పైన అంటుకుని ఉంటది. పోయినేడు కళ్ళంలో ఎడ్లు తొక్కినప్పుడు తిత్తులు పగిలి మంచి గింజలన్నిటికీ అంటింది. మీరు విత్తుతారు. గింజ మొలకేసేప్పుడే అదీ మొలకేస్తది. మొలక ఇంకా మన్నులో ఉండి, తెల్లగా లేతగా ఉన్నప్పుడే సందు చూసుకుని లోపలికి దూరుద్ది. మొలక పైకొచ్చి ఎండ తగిలి ముదిరిందా, ఇంక దానికి తలుపు దొరకదు."

"దూరింది అనుకో. ఆకు మీద మచ్చ కనపడదా?"

"కనపడదు. మొక్కని చంపదు, ఎండబెట్టదు. చిగురు ఎంత పైకి పోతే దానితోపాటు అంత పైకి పోతది. మీరు నీళ్ళు కట్టినా అదీ తాగుద్ది. కంకి వేసిందాకా చప్పుడు చెయ్యదు. గింజ పాలుపోసుకునే చోట తన మసి పోసుకుంటది."

బసవమ్మ చాలాసేపు ఆ గీతనే చూసింది. తనంత జాగ్రత్తగల ప్రాణి ఈ లోకంలో ఇంకోటి ఉందని ఆమెకి ఇదే మొదటిసారి తెలియడం.

"మరి మా అత్త విత్తనానికి ఇరవై ఏళ్ళు ఎందుకు రాలా?"

"ఎన్నో రోజుకి మొలుస్తది?"

"మూడో రోజుకి గీత గీసినట్టు."

"అదే దాని కాపలా. తలుపు మూసేసుకునేదాకా మూడు రోజులే సందు. పోయినేడు విత్తినప్పుడు?"

బసవమ్మ ఆలోచించింది. ఆ ఏడు వానలు ఆలస్యం. చిత్త కార్తె కూడా దాటాక విత్తారు. ముసురుపట్టి నేల చల్లబడింది. తడి కోసం విత్తే గొర్రు లోతుగా దించారు. "ఏడో రోజుకి," అంది.

"నాలుగు రోజులు తలుపు తెరిచి పెట్టారమ్మా." కృపావరం పుల్ల పడేశాడు. "ఇంకో సంగతుంది. ఈ మసిలోనూ రకాలుంటాయి. ఒక రకం మీ జొన్నని గెలవలేదు. గెలిచే రకం ఇంకోటి ఉంటది. దాని మర్మం తెలిసిన రకం ఏ గోనెసంచికో అంటుకుని వచ్చుంటది. చిటికెడు చాలు."

"ఎవరి సంచి?"

"అది నేను చెప్పలేను."

"నువ్వు చెప్పలేవు. నేను చెప్పగలను," అని బసవమ్మ గట్టు వైపు చూసింది. ఆ ముందేడు రాఘవయ్య రెండు సంచులు తీసుకుని, మూడు నెలలకి తిరిగిచ్చాడు.

అప్పుడు కృపావరం పొట్లం విప్పాడు. నీలపు పలుకులు. "ఇది గుప్పెడు, కుండెడు నీళ్ళలో కలిపి, విత్తనం అందులో కాసేపు ముంచి నీడన ఆరబెట్టాలి. మసి చచ్చిపోద్ది, గింజకేం కాదు. ఒక కుండ ఇప్పించండి."

"ఏందిది?"

"మైలుతుత్తం."

బసవమ్మ లేచి నిలబడింది. "మైలా?"

"మైలుతుత్తం అమ్మా."

"వింటున్నా. విత్తనానికి మైల పూస్తావా? మా అత్త గరిసె ముట్టుకోవాలంటే తలంటు పోసుకుని ముట్టుకునేది. కుండలో మైల పడితే ఆ కుండ బయట పారెయ్యాలి. నా ఇంట్లోంచి కుండ రాదు."

కృపావరం ముఖం కొద్దిగా మారింది. పొట్లం ముడిచాడు. మళ్ళీ విప్పాడు. "మీ ఇష్టం. ఏదిస్తే అందులో ముంచుతా."

ఆమె కొట్టంలోకి పోయి ఇనప బొక్కెన తెచ్చి, చేతికివ్వకుండా నేలమీద పెట్టింది. ఇనుముకి మైల అంటుకోదని అత్తగారు చెప్పింది. మందు మానేస్తే గరిసె పోతుంది, కుండలో పోస్తే ఇల్లు మైలపడుతుంది, ఇనుమైతే రెండూ దక్కుతాయి. చాలా తెలివిగా చేశాననుకుంది.

పొద్దునించీ సాయంత్రం దాకా తడవకి చాటెడు చొప్పున అదే బొక్కెనలో, అవే నీళ్ళలో విత్తనం ముంచారు. చాపల మీద ఆరబోశారు. బసవమ్మ రెప్ప వెయ్యకుండా కాపలా కూచుంది. పొద్దున నీళ్ళు నిండు నీలం. మధ్యాహ్నానికి వెలిసిన చీర రంగు. పొద్దుగూకేసరికి పాలిపోయిన పచ్చ. ఈ మేస్త్రీ నేను చూడకుండా మందు మార్చాడా, నీళ్ళు కలిపాడా? రెప్ప వెయ్యనిది ఎక్కడ వేశాను? అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడని అడగలేదు. పని అయ్యాక బొక్కెనను మైల వస్తువు కింద లెక్కగట్టి, కొట్టం వెనక కంప మీద బోర్లించింది. మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

ముందు ఆరింది ముందు గొర్రుకెక్కింది. తూర్పు గట్టు నుంచి మొదలుపెట్టి పడమర గట్టు దాకా విత్తారు. పడమర గట్టంటే రాఘవయ్య గట్టు.

పుష్యం వచ్చింది. బసవమ్మ రోజూ ఒక కొస నుంచి ఇంకో కొసకి కంకులు నొక్కుకుంటూ నడిచేది. తూర్పు పక్క పాతిక సాళ్ళు ముత్యాలు. నడిమికొస్తే అక్కడక్కడా తిత్తులు. పడమరకి పోయేకొద్దీ నలుపు చిక్కబడింది. రాఘవయ్య గట్టు పక్కనయితే మూడు కంకుల్లో ఒకటి మసి.

ఇంకేం కావాలి? దొంగ అడుగులు ఎటునుంచి వచ్చాయో కనపడుతూనే ఉన్నాయి.

"ఒరేయ్ రాఘవయ్యా, ఏం చల్లావురా నా చేలో?" అంది, ఈసారి ఎద్దు సాయం లేకుండా నేరుగా.

రాఘవయ్య పలుగు ఆనించుకుని నిలబడ్డాడు. "నాకంత విద్యే వస్తే వదినా, ముందు నీ నోరు కట్టించుకుని తర్వాత చేను సంగతి చూసేవాణ్ణి. నా చేనుకీ వచ్చింది కాటుక. నీ విత్తనమేగా నేనూ చల్లింది. నేనెవరి మీద పడాలి?"

బసవమ్మ పక్కనున్న కంకి ఇంకోటి నొక్కింది. అదీ మసే.

వెంకట్రామయ్య వచ్చి చూశాడు. తల అడ్డంగా ఆడించాడు. "తూర్పు పక్క శుభ్రంగా ఉంది గదయ్యా," అని బసవమ్మ బతిమాలింది. ఆమె బతిమాలడం ఊరు చూడటం అదే మొదలు. ఆయన కాసేపు నసిగి అన్నాడు: "ఒక్క ఏడు. నీ చేను వరకే. ఊరు డిపోకి పోద్ది. ఈసారి నీ చేలో ఒక్క నల్లకంకి కనపడినా, ఇంక నన్ను అడగొద్దు."

తూర్పు పక్క కంకులు విడిగా కోసి, విడిగానే కర్రలతో కొట్టించి దాచింది. ఆ మరునాడే కొట్టం వెనక్కి పోయింది. ఎందుకు పోయిందంటే, మేస్త్రీ మీద అనుమానం ఇంకా తీరలేదు. అడుగున మందు మిగిలి ఉంటే అది మందో సుద్దో చూద్దామని. కంప మీద బోర్లించిన బొక్కెన తిప్పింది. లోపలంతా గోధుమరంగు పొర. గోరుతో గీకింది. గోరు కింద ఎర్రగా మెరిసింది. పూజగదిలో రాగిచెంబు ఎట్లా మెరుస్తుందో అట్లా.

నీలం ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది. మందు దొంగ మేస్త్రీ కాదు. బొక్కెన.

పొద్దున ముంచింది తూర్పున పడింది, మందు నిండుగా ఉన్నప్పుడు. సాయంత్రం ముంచింది పడమర పడింది, మందంతా ఇనుము తాగేశాక. రాఘవయ్య గట్టు దగ్గర ఉన్నది రాఘవయ్య చెయ్యి కాదు. చివరి చాట.

కృపావరం మళ్ళీ వచ్చినప్పుడు బొక్కెన అతని ముందు పెట్టింది. అతను లోపలికి చూసి గోరుతో ఒకసారి గీకాడు.

"ఇనుము వద్దని మాకు పని నేర్పిన సర్కారు ఫారంలో చెప్పారమ్మా. ఆ మందులో ఉండేది రాగే, ఇనుము దాన్ని లాగేసుకుంటది, కుండైనా చెక్కతొట్టైనా కావాలన్నారు. నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పలా?"

"మీరు మైల అన్నాక నాకు నోరు రాలా."

"నేనన్నది తుత్తాన్ని."

"నేను విన్నది నన్ను."

బసవమ్మ కొంగు సర్దుకుంది. అవసరం లేకపోయినా ఇంకోసారి సర్దుకుంది.

"అసలు దానికి ఆ పేరు ఏ పుణ్యాత్ముడు పెట్టాడు?"

"మైల కాదమ్మా. మయిల్ అంటే అరవంలో నెమలి. మాకు నేర్పిన అరవాయన చెప్పాడు. నెమలి మెడ రంగని ఆ పేరు."

"నెమలితుత్తం అని చస్తే ఏం పోయె మొదటే?"

"మీరు కుండ ఇచ్చేవాళ్ళా?"

"ఏమో. ఇచ్చేదాన్నేమో." ఆమె లోపలికి పోయి, వంటింటి మూలనున్న పెద్ద నీళ్ళకుండ వంచి, ఖాళీ చేసి, తెచ్చి అతని చేతికే ఇచ్చింది. "పగలగొట్టావంటే ఊరుకోను."

అక్కడితో ఆగితే ఆమె బసవమ్మ ఎందుకవుతుంది? మందు పనిచేసిందో, తన అదృష్టం పనిచేసిందో తేల్చుకోవాలి గదా. ఎవరికీ చెప్పకుండా, పడమర పక్క మసిపట్టిన కంకుల్లోంచి కొంత గింజ దాచింది. కృపావరం పోయాక, కుండలో మిగిలిన మందు నీళ్ళు ఆ బొక్కెనలో పోసి, నీలం పాలిపోయిందాకా ఉంచి దాన్ని ముంచింది. చేను నడిమధ్యన, రాఘవయ్య ఎంత చెయ్యి చాపినా అందనంత దూరంలో, మూడు సాళ్ళు ఆ గింజతో విత్తింది. ఆ మూడింటికీ రెండు కొసల్లో ఒక్కో ఆముదం గింజ గుచ్చింది, తర్వాత తనే మర్చిపోకుండా. ముళ్ళ దారం నేర్పిన పాఠం అది.

కంకులు గింజ పట్టే రోజులకి వెంకట్రామయ్య చెప్పాపెట్టకుండా వచ్చాడు. వెంట రాఘవయ్య, ఇంకో పదిమంది. తూర్పు నుంచి నడిచారు. ముత్యాలు. అందరి ముఖాలూ విప్పారుతున్నాయి. నడిమికొచ్చేసరికి మునసబు ఆగాడు. ఒక కంకి వంచి నొక్కాడు. బుస్సుమంది. పక్కది నొక్కాడు. బుస్సుమంది.

"ఒక్కటి కనపడినా అన్నాను అమ్మా. ఇక్కడ వరసగా ఉన్నాయి."

"అవి బొక్కెన సాళ్ళు. నేనే కావాలని వేశా. మూడే."

"కావాలని ఎవరన్నా తెగులు విత్తుకుంటారా?" వెంకట్రామయ్య ఆమె వంక అదోలా చూశాడు. ఇన్నాళ్ళూ ఆమె ఊరిని చూసిన చూపు అది. "నల్లబడ్డాక ఈ మాట ఎవరైనా చెప్పొచ్చు."

మేస్త్రీకి చెప్పలేదు. సాక్ష్యానికి మనిషన్నవాడు లేడు. ఎవరినీ నమ్మనందుకు ఇప్పుడు ఎవరూ నమ్మడం లేదు. బసవమ్మ సాలు కొసకి నడిచి వేలు చూపించింది.

"ఇదేంది?"

"ఆముదం మొక్క."

"ఎంత ఎత్తుంది?"

"నడుం దాకా."

"అవతలి కొసన ఇంకోటి ఉంటది. పక్క రెండు సాళ్ళకీ ఉంటాయి. చేనంతా తిరగండి, ఈ మూడింటికి తప్ప ఇంకెక్కడన్నా ఆముదం ఉంటే చెప్పండి. నల్లబడ్డాక పెడితే ఇంతెత్తు ఎట్లా వచ్చుద్ది?"

అందరికంటే ముందు తిరిగొచ్చింది రాఘవయ్య. ప్రతి సాలూ చూసొచ్చాడు, కనబడితే చాలు పట్టుకుందామన్నంత శ్రద్ధగా. "ఆరే ఉన్నాయి మావా," అన్నాడు మునసబుతో. "వేరే సాలులో ఒక్క నల్లకంకి లేదు. నేనే ఒప్పుకుంటున్నానంటే చూసుకో మరి."

ఆ మూడు సాళ్ళనీ తిత్తి పగలకుండా కోసి, గోతిలో వేసి తగలబెట్టారు. మరుసటి హస్త కార్తెకి గడప ముందు తట్టల వరస మళ్ళీ కట్టింది. గడప పక్కనే వంటింటి కుండ, దాని నిండా నెమలి మెడ నీళ్ళు, కుండ దగ్గర కృపావరం. వరసలో మొదట నిలబడింది రాఘవయ్య. బసవమ్మ అతని తట్టలో చేరెడు పోసింది. పోసేముందు అతను తెచ్చిన గోనెసంచిని తిరగేసి, రెండుసార్లు దులిపి, వెలుగులో పెట్టి చూసింది.

"ఇంకా ఏంది వదినా?"

"ఏం లేదులే. దులిపితే తప్పేంది?"

బొక్కెన సంగతి మాత్రం ఊళ్ళు దాటిపోయింది. రాజుపాలెం చేరేసరికి బొక్కెన గంగాళమైంది, నరసరావుపేట చేరేసరికి రాగి బంగారమైంది. అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన చేతులు కట్టుకుని, తల్లీ, ఇనుమును రాగి చేసింది తమరేనా అని అడిగితే, జొన్నలు చెరుగుతున్న బసవమ్మ చాట ఆపకుండానే చెప్పింది:

"రాగీ లేదు, ఏమీ లేదు. గోరుతో గీకితే ఊడొచ్చింది. బొక్కెనకి చిల్లిపడింది."